ఇంటి గడప – పెద్దల సంతకము



నేను ముప్పదియైదేండ్లు పల్లెటూరి బడులలో తెలుగు పండితుడనుగా పనిచేసి విరమించినవాడను. న్యాయవాదిని గాను. అయినను పోలీసువారి సోదాలకును, అరెస్టులకును శాసనము పెట్టిన హద్దులను గూర్చి నేడు మీతో మాటలాడ సాహసించుచున్నాను. ఇందుకు కారణము నా జీవితములోని ఒక సంతకము. ఆ సంగతి చివర మనవి చేసెదను. ముందుగా ఆ హద్దులు ఎట్లు పుట్టినవో, ఎవరి బాధవలన పుట్టినవో చెప్పుట న్యాయము.

భారతము ఆదిపర్వములోని మాండవ్యుని కథ మీరెరిగినదే. మౌనవ్రతములోనున్న ఆ ముని ఆశ్రమమున దొంగలు సొత్తు దాచి, తామును దాగిరి. రాజభటులు తరుముకొని వచ్చి మునిని ప్రశ్నించిరి. ఆయన పలుకలేదు. వారు వెదకగా సొత్తును, దొంగలును అచ్చటనే దొరకిరి. భటులు మునిని గూడ కట్టి రాజునొద్దకు కొనిపోగా, రాజు ఆయనను కొరత వేయించెను. చిన్ననాట మనము ఈ కథను యమధర్మరాజునకు కలిగిన శాపముకొరకు విన్నారము. ఇప్పుడు నేను చూచునది వేరొకటి. సొత్తు దొరకుట నిజము. దొరకిన చోటు నిజము. కాని ముని దొంగ యనుట అబద్ధము. సోదాలోని ప్రమాదమంతయు ఈ మూడు మాటలలో నున్నది.

కౌటిల్యుడును అర్థశాస్త్రము నాలుగవ అధికరణమున మాండవ్యుని తలచినాడు. ఆయన చెప్పిన తీరు కొంచెము వేరు. దొంగ కాకపోయినను, హింసకు వెరచి ‘నేను దొంగనే’ యని మాండవ్యుడు పలికెననియు, కనుక సాక్ష్యము సంపూర్ణముగా తేలినపిదపనే శిక్షింపవలెననియు ఆయన భావము. నేరము జరిగి మూడు రాత్రులు గడచిన తరువాత, నేరపు పరికరములు కంటబడిననే తప్ప, వట్టి అనుమానముమీద ఎవరిని గాని పట్టరాదని కూడ అచ్చటనే విధించినాడు. పూర్వులు అన్నియు ఎరుగుదురని చెప్పుట నా యుద్దేశము కాదు. అదే గ్రంథమున, అదే అధ్యాయమున, నేరము రాబట్టుటకు పదునెనిమిది విధములైన హింసలు చెప్పబడినవి. బాలురు, వృద్ధులు, రోగులు, ఆకలిదప్పులు గొన్నవారు, గర్భిణులు మొదలగువారికి మాత్రము మినహాయింపు గలదు. హింసవలన అబద్ధము పుట్టునని యెరిగియు హింసను విడువలేకపోవుట రాజ్యములకు మొదటినుండియు నున్న జబ్బు.

ఇక సీమకథ కొంచెము వినుడు. ఇంగ్లండులో 1604లో సెమేన్ అను నాతని వ్యాజ్యమున, రాజోద్యోగి యైనను ఇంటి తలుపు పగులగొట్టుటకు ముందు తాను వచ్చిన పని తెలిపి, తలుపు తెరువుమని అడుగవలెనని తీర్పరులు నిర్ణయించిరి. ప్రతివానికిని వాని ఇల్లే కోట యను మాట అప్పటిదే. 1762లో ఒక మంత్రి ఇచ్చిన వారంటు పట్టుకొని నలుగురు రాజదూతలు జాన్ ఎంటిక్ అను రచయిత ఇంటిలో జొరబడి, నాలుగు గంటలసేపు పెట్టెలును, తాళములును పగులగొట్టి, కాగితములు ఎత్తుకొనిపోయిరి. ఎంటిక్ ఊరకుండలేదు. వారిపై దావా వేసెను. రాజ్యావసరమను పేరు చెప్పినంతమాత్రమున శాసనము లేని సోదా చెల్లదని 1765లో కామ్డెన్ ప్రభువు తీర్పు చెప్పెను. ఎంటిక్‌నకు మున్నూరు పౌనుల నష్టపరిహారము లభించెను.

ఆ 1765 సంవత్సరమే మనకును గుర్తుంచుకొనదగినది. ఆ యేడే షా ఆలము పాదుషా ఉత్తర సర్కారులను కుంపిణీవారికి ఫర్మానాగా వ్రాసియిచ్చెను. తమ దేశములో ఒక రచయిత పెట్టె తాళము పగులగొట్టుట తప్పని చెప్పిన జాతివారే మన రైతులకు ప్రభువులైరి. కాని ఆ తీర్పు ఓడ యెక్కి ఇచ్చటికి రాలేదు.

చెన్నరాజధానిలో 1816 నాటి రెగ్యులేషను వలన పన్ను వసూలును, పోలీసు అధికారమును ఒకే చేతిలో పడినవి. పైన కలెక్టరే మేజిస్ట్రేటు. క్రింద తాసీల్దారే పోలీసు అధికారి. శిస్తు కట్టలేని రైతును పిలిపించువాడును, దొంగను పట్టువాడును ఒక్కడే యైనపుడు, దొంగకు చేయు మర్యాదయే రైతునకును జరుగుట వింత కాదు. రైతును తాడుతోనో, వాని పంచెతోనో వంచి కట్టి ఎండలో నిలుపుట, వ్రేళ్లను కొయ్యచెక్కల నడుమ నొక్కుట – ఇవి నాటి కచ్చేరులలో నిత్యకృత్యములు. ఈ రెండవ సాధనమునకు అరవవారు కిట్టి యనిరి. తెలుగువారు చిరత యనిరి. భజనలో తాళము వేయు చిరత పేరును హింసాసాధనమునకు పెట్టవలసి వచ్చిన కాలమది.

ఈ బాధను లోకమునకు చాటినవారిలో ముఖ్యుడు ఒక తెలుగు వర్తకుడు. ఆయన గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠి. 1806లో చెన్నపట్టణమున జన్మించి, వ్యాపారమున ధనమార్జించి, 1844లో క్రెసెంటు అను ఇంగ్లీషు పత్రికను నడుపనారంభించెను. 1852లో మదరాసు నేటివు అసోసియేషనును స్థాపించి, ప్రజల కష్టములను బ్రిటిషు పార్లమెంటునకు అర్జీగా వ్రాసి పంపెను. ఆ అర్జీ వలన కదలి, డాన్‌బీ సైమూరు అను పార్లమెంటు సభ్యుడు 1853లో ఇచ్చటికి వచ్చి, పల్లెలలో స్వయముగా విచారించెను. మరుసటి యేడు పార్లమెంటులో ఈ సంగతి చర్చకు వచ్చినది. కుంపిణీవారికి తప్పించుకొను దారి లేకపోయెను. ఇలియటు, స్టోక్సు, నార్టను అను ముగ్గురితో విచారణసంఘ మేర్పడి, 1855లో నివేదిక సమర్పించెను. ఆ సంఘమునకు వచ్చిన ఫిర్యాదులు 1,959. తంతి లేదు, బస్సు లేదు. వ్రాయ నేర్చినవారు అరుదు. తిరిగి పోయిన తరువాత అదే తాసీల్దారు ఎదుట బ్రతుకవలెను. అట్టి దినములలో ఇంతమంది నోరు విప్పిరనగా వారి గుండెలలోని మంట ఎంతటిదో మీరే ఊహింపుడు.

హింస జరుగుట నిజమని సంఘము ఒప్పుకొనెను. పన్నును, పోలీసును ఒకే చేతిలో నుంచుటయే మూలదోషమనియు చెప్పెను. 1859లో చెన్నరాజధానికి ప్రత్యేకమైన పోలీసుశాఖ ఏర్పడినది. 1861లో దేశమున కంతటికిని పోలీసు శాసనమును, క్రిమినలు ప్రొసీజరు కోడును వచ్చినవి. ఆ కోడులో రెండు గొప్ప హద్దులు వెలసినవి. పోలీసువాని యెదుట ముద్దాయి చేసిన ఒప్పుకోలు సాక్ష్యముగా చెల్లదనునది మొదటిది. మేజిస్ట్రేటు ఉత్తరువు లేక ఇరువదినాలుగు గంటలకు మించి ఎవరిని గాని ఠాణాలో నుంచరాదనునది రెండవది. కొట్టి చెప్పించిన మాటకు విలువ లేకున్న కొట్టుట తగ్గునని ఆశ. లక్ష్మీనరసు శ్రేష్ఠి 1868లో గతించెను. నేడు ఆయన పేరు మన పిల్లల పాఠములలో చెప్పువారు తక్కువ.

ఇచ్చట మీరు సావధానముగా వినవలసిన సంగతి యొకటి కలదు. ఒప్పుకోలు చెల్లదని తలుపు మూసిన శాసనమే ఒక కిటికీ తెరచి యుంచినది. 1872 నాటి సాక్ష్యశాసనము 27వ సెక్షనులో నుండిన నియమము ప్రకారము, కైదులోనున్న ముద్దాయి చెప్పిన మాట వలన ఒక సంగతి బయటపడినచో, ఆ మాటలో ఆ సంగతికి సంబంధించినంత భాగము చెల్లును. అనగా ‘నేను చంపితిని’ అనుట చెల్లదు. ‘కత్తి ఇచ్చట దాచితిని’ అనిన తరువాత కత్తి దొరకినచో, ఆ మాట చెల్లును. నాటినుండి మాటకంటె వస్తువునకు బలము హెచ్చినది. వస్తువు దొరకెనని చెప్పుటకు సాక్షులు కావలసివచ్చిరి. ఆ సాక్షులు ఎవరు? ఊరిపెద్దలు. మన సీమలో వారికి మధ్యవర్తులని పేరు.

ఈ కిటికీ ఎంత వెడల్పుండవలెనను ప్రశ్న మన గుంటూరు సీమనుండియే లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయినది. అది పులుకూరి కొట్టయ్య కేసు. 1946లో తీర్పు వచ్చినది. ఆ తీర్పులో మన మధ్యవర్తుల కాగితమునకు మీడియేటరునామా అను పేరే వాడబడినది. ప్రీవీ కౌన్సిలువారు చెప్పినదేమి? ‘నా ఇంటి కప్పులో కత్తి దాచితిని’ అని ఒకడు చెప్పినచో, కత్తి యను వస్తువు క్రొత్తగా కనిపెట్టబడదు. కత్తులు లోకములో ఎన్నటినుండియో యున్నవి. బయటపడినదెల్ల ఆ కత్తి అచ్చట నున్నదని వానికి తెలియుననుటయే. దానితో పొడిచెనా లేదా యనుట వేరే సాక్ష్యముతో తేలవలెను. ఈ తీర్పును ఇప్పటికిని మన న్యాయస్థానములు ఆధారముగా గైకొనుచున్నవి. మాండవ్యుని కొరత వేయించిన రాజునకు ఈ వివేకము లేకపోయెను.

స్వరాజ్యము వచ్చినది. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 22వ అధికరణమున, పట్టుబడినవానికి కారణము చెప్పవలెననియు, తన వకీలుతో మాటలాడనీయవలెననియు, ప్రయాణకాలము గాక ఇరువదినాలుగు గంటలలోపల మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెననియు శాసించినది. అంతటితో రాత్రివేళ తలుపు తట్టుట ఆగలేదు. ఉత్తరప్రదేశములో ఖరక్ సింగు అనునాతడు 1941లో దోపిడి అనుమానముమీద పట్టుబడి, సాక్ష్యము లేక విడువబడెను. అయినను పోలీసువారు అతనిపేర ఒక పుస్తకము తెరచిరి. జవానులును, చౌకీదారులును రాత్రులయందు అతని ఇంటికి పోయి, తలుపు తట్టి, నిద్రలేపి చూచి పోవుచుండిరి. అతడు సుప్రీముకోర్టునకు పోయెను. 1962లో న్యాయమూర్తులు ఆ రాత్రి రాకలు చెల్లవని కొట్టివేసిరి. ఆ తీర్పులో సెమేన్ వ్యాజ్యమును స్మరించిరి. 1604లో ఇంగ్లండులో చెప్పిన మాట మన గడప చేరుటకు మూడువందల యేబదియెనిమిదేండ్లు పట్టినది.

ఆ న్యాయమూర్తులలో ఒకరు మన రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు. తోడి న్యాయమూర్తులు రాత్రి రాకలను మాత్రమే తప్పనిరి. సుబ్బారావుగారు ఇంకొక అడుగు ముందుకు పోయిరి. మనిషి వెంట నిరంతరము కన్ను వేసి యుంచుటయే వాని స్వేచ్ఛకు సంకెల యనియు, ఏకాంతము స్వేచ్ఛలోని భాగమనియు, ఆ నియమమంతయు చెల్లదనియు వేరుగా వ్రాసిరి. నాడు అది అల్పసంఖ్యాకుల అభిప్రాయమే. 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో ఏకాంతము ప్రాథమికహక్కేనని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. సుబ్బారావుగారి మాట యేబదియైదేండ్లకు గెలిచినది.

ఇక అరెస్టు సంగతి. పశ్చిమబంగాళములోని డి. కె. బసుగారు ఠాణాలలో జరుగు మరణములను గూర్చి 1986లో సుప్రీముకోర్టునకు ఒక జాబు వ్రాసిరి. కోర్టువారు ఆ జాబునే అర్జీగా గైకొనిరి. 1996లో తీర్పు వచ్చినది. అరెస్టు చేయునతడు తన పేరు స్పష్టముగా కనబడునట్లు ధరింపవలెను. అరెస్టు పత్రము వ్రాయవలెను. దానిపై ఇంటివాడొకడైనను, ఊరిలోని పెద్దమనిషి యొకడైనను సాక్షిగా సంతకము చేయవలెను. బంధువునకో, మిత్రునకో కబురంపవలెను. ఇచ్చటను మరల ఊరిపెద్ద సంతకమే.

ఈ నియమములన్నియు ఇప్పుడు 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో కలవు. అందలి కొన్నిటిని మీ చెవిని వేసెదను. సోదాకు ముందు ఆ ప్రాంతమునకు చెందిన, పక్షపాతము లేని మర్యాదస్థులను ఇద్దరిని, అంతకుమించి గాని, పిలువవలెను. సోదా వారి యెదుట జరుగవలెను. దొరకిన వస్తువులును, దొరకిన చోట్లును జాబితాగా వ్రాసి వారిచే సంతకము చేయింపవలెను. ఇంటివాడు దగ్గరనుండి చూచుకొనవచ్చును. జాబితా నకలు వానికీయవలెను. సోదాను, జాబితా వ్రాతను, సంతకములను దృశ్యముగా పట్టి, ఆలస్యము లేక మేజిస్ట్రేటునకు పంపవలెను. స్త్రీ దేహమును సోదా చేయునది స్త్రీయే కావలెను. అసాధారణ పరిస్థితులలో మేజిస్ట్రేటు అనుమతి పొందిననే తప్ప, సూర్యాస్తమయము మొదలు సూర్యోదయము వరకు స్త్రీని అరెస్టు చేయరాదు. మూడేండ్లకు తక్కువ శిక్ష గల నేరములలో, అరువదేండ్లు దాటినవారిని గాని, దుర్బలులను గాని అరెస్టు చేయుటకు డిప్యూటీ సూపరింటెండెంటునకు తక్కువ కాని అధికారి అనుమతి ముందుగా పొందవలెను. ఇది మన ఈడువారు గుర్తుంచుకొనదగినది.

ఇన్ని నియమములుండగా భయమేల యని మీరడుగవచ్చును. మన దేశమున సోదాలో లోపమున్నంతమాత్రమున దొరకిన వస్తువు సాక్ష్యముగా చెల్లకపోదని 1973లో పూరన్‌మల్ కేసునందు సుప్రీముకోర్టు చెప్పినది. కనుక వస్తువు న్యాయముగా దొరకెనా లేదా యనుటకు ఆ గడపలో నిలిచిన పెద్దమనిషియే ముఖ్యమైన కాపు. కెమెరా వచ్చినదందురా? అది త్రిప్పినవైపునకే చూచును. మనిషి తల అన్నివైపులకును తిరుగును.

ఇప్పుడు నా సంతకము సంగతి. నలువదేండ్ల క్రిందటి మాట. నేను క్రొత్తగా ఉద్యోగములో చేరిన ఊరిలో, ఒక సాయంకాలము బడి విడిచి వచ్చుచుండగా, ఠాణానుండి ఒకరు వచ్చి చావడియొద్దకు పిలిచిరి. కాగితము అప్పటికే వ్రాసియుండెను. పొరుగూరి రామాలయములో పోయిన ఇత్తడి గంటయు, రెండు హారతిపళ్లెములును ఒక కూలివాని ఇంటిలో, గాదె క్రింద, నా యెదుట దొరకినవని అందులో నుండెను. గంట, పళ్లెములు చావడి అరుగుమీద నున్నవి. ‘అయ్యవారూ, మీ సంతకం ఉంటే గౌరవంగా ఉంటుంది’ అనిరి. ఆ మాటకు నేను పొంగిపోతిని. చదివితిని. అక్షరదోషము లొకటిరెండు దిద్దితిని కూడ. సంతకము చేసితిని.

ఏడాదికి కోర్టునుండి సమను వచ్చినది. ముద్దాయి వకీలు నన్నడిగిన ప్రశ్న ఒక్కటే: గాదె తలుపునకు కుడివైపున నున్నదా, ఎడమవైపుననా? నాకు చెమటలు పోసెను. ఒక క్షణము ఏదో యొకటి చెప్పుదమా యనికూడ అనిపించినది. చివరకు ‘నేను ఆ ఇంటిలోనికి పోలేదు’ అంటిని. కేసు పోయినది. అప్పటికి ఆ కూలివాడు నాలుగు నెలలు జైలులో నుండి వచ్చియుండెను. కోర్టు మెట్లయొద్ద వాని తల్లి నన్ను చూచి, కోపము లేకుండ అడిగినది: ‘అయ్యోరూ, మా గడప తొక్కకుండానే మా ఇంట్లో ఏముందో మీకెట్టా తెలిసిందయ్యా?’

వాడు దొంగయో కాదో నాకు నేటికిని తెలియదు. తెలిసియుండవలసినవాడను నేనే. దొంగ యైనచో నా సంతకమువలన తప్పించుకొనెను. కాకున్నచో నా సంతకమువలన నాలుగు నెలలు మ్రగ్గెను. రెండు విధములను తప్పు నాదే. గుడి గంట మాత్రము మరల గుడికి చేరినది.

పోలీసువారందరు దుష్టులని చెప్పుట నా మాట కాదు. వారికి పనుల ఒత్తిడి కలదు, పైవారి భయము కలదు. నిజముగా చూచి చెప్పు సాక్షి దొరకినచో నిజమైన దొంగకు శిక్ష పడును. అది వారికిని మేలే. కాని పెద్దలారా, పట్టుదలతో వ్రాసిన అర్జీ పార్లమెంటు సభ్యుని సముద్రము దాటించినది. 1,959 ఫిర్యాదులు ఒక శాసనమును పుట్టించినవి. ఆ శాసనము తన నమ్మకమును చివరకు తెచ్చి పెట్టినది మన చేతిలోని కలము మీదనే.

కనుక మిమ్ము పిలిచినపుడు పొండు. వ్రాతమూలకముగా ఆజ్ఞ యిచ్చి పిలిచినపుడు కారణము లేక నిరాకరించుట నేరము కూడ. అయితే గడప దాటి లోనికి పొండు. వస్తువు ఎచ్చట దొరకెనో కంటితో చూడుడు. కాగితము అచ్చటనే వ్రాయుమనుడు. ఖాళీ కాగితముమీదను, చూడని సంగతిమీదను సంతకము చేయకుడు. నకలు ఇంటివానికి చేరెనా యని అడుగుడు. ఇంతకుమించి వీరత్వము అక్కరలేదు.

ఇక సెలవు.